పండుగ సొమ్ము – ఊరి పనివారు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఒక ఊరి గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు తలుపులు మూయక నడచుట సామాన్య విషయము కాదు. ఇందుకు చందాలిచ్చినవారున్నారు, బీరువాలిచ్చినవారున్నారు, సాయంకాలము దీపము వెలిగించి పత్రికలు సర్దిపెట్టినవారున్నారు. వారందరికిని మన కృతజ్ఞత చెల్లవలెను. నేను ఈ కొవ్వూరు చుట్టుప్రక్కల పాఠశాలలలో ముప్పదియేండ్లు పాఠములు చెప్పి విరమించినవాడను. రజతోత్సవమునకు ఒక ప్రసంగము చేయవలసినదని కార్యవర్గమువారు కోరినపుడు, ఏదో ఒక గ్రంథమును గూర్చి చెప్పుదునని వారు తలచిరి. నేను మాత్రము సంతను గూర్చి చెప్పుటకు అనుమతి వేడితిని. వారు నవ్వి ఒప్పుకొనిరి.

సంత అని ఏల అంటిననగా, ఇది డిసెంబరు మాసము. సార్వా కోతలు ముగిసినవి, ధాన్యము కల్లములు దాటినది. కొద్ది దినములలో క్రిస్మసు. అది గడచిన మూడు వారములకు భోగి, సంక్రాంతి. సంవత్సరమంతటిలో మన పల్లెలలో రొక్కము కండ్లబడునది ఈ నలువది దినములలోనే. ఆ రొక్కము ఎవరి చేతులలోనుండి ఎవరి చేతులలోనికి పోవుచున్నదో ఒక్కమారు ఆలోచింతమనుటయే నా ప్రసంగ విషయము.

గ్రంథాలయమునకును, కొనుగోలునకును ఏమి సంబంధమని మీరు అడుగవచ్చును. సంబంధము పాతదే. 1907లో బిపిన్ చంద్రపాల్ గారు ఎదుటి ఒడ్డుననున్న రాజమహేంద్రవరమునకు వచ్చి వందేమాతరోద్యమమును గూర్చి ఉపన్యసించిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు ఆ ఉపన్యాసములను తెలుగులో వినిపించిరి. ఆ ఉద్యమపు గాలి తగిలిన యువకులే మన జిల్లాలలో పఠనమందిరములు స్థాపించిరి. వారే దేశీయ వస్తువులు కొనుమని వీధులలో చెప్పిరి. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు మొదటిసారి సమావేశమైరి. ఊరివారికి చదువు కావలెను, ఊరివాని పనికి గౌరవము కావలెను. ఈ రెండును ఆ పెద్దలకు ఒకే మాటగా తోచినవి. మనము మొదటి సగము నిలుపుకొంటిమి. రెండవ సగమును కొంచెము మరచితిమి.

ఇక్కడికి కొద్ది మైళ్ళ దిగువన విజ్జేశ్వరము ఉన్నది. అక్కడినుండియే పశ్చిమ డెల్టా కాలువకు నీరు వచ్చును. 1847 మొదలు 1852 వరకు ఆర్థరు కాటన్ దొరగారు ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరముల నడుమ ఆనకట్ట కట్టించిరి. అంతకుముందును గోదావరిలో నీరు ఉండెను. ఆకాశము నుండి వాన కురియకపోలేదు, నది ఎండిపోలేదు. అయినను ఒడ్డుననున్నవారు కరవులతో అలమటించిరి. ఏలయన, నీరు మన ముంగిటినుండియే పోయి సముద్రములో కలియుచుండెడిది. ఆనకట్ట నీటిని పుట్టింపలేదు. పోవు నీటిని కొంత ఆపి, కాలువలోనికి త్రిప్పి, పొలముపై పారించినది. అంతియే. దానితో ఈ సీమ అన్నపూర్ణ అయినది.

ద్రవ్యము కూడ గోదావరి వంటిదే. పంట డబ్బు మన ఊరికి రాకపోలేదు. వచ్చినది వచ్చినట్లే మన ముంగిటినుండి పోయి, ఎక్కడో ఒక మహానగరమున, ఒక మహావ్యాపారి ఖాతాలో కలియుచున్నది. దానిని బొత్తిగా ఆపుమనను, ఎవ్వరును ఆపలేరు. నదికి అడ్డముగా నిలువెత్తు గోడ కట్టినచో ఊరు మునుగును. కొంత నీటిని మన కాలువకు త్రిప్పుకొందమని మాత్రమే నా మనవి.

ఇప్పుడొక దృష్టాంతము చెప్పెదను. మన గోదావరి సీమలో క్రిస్మసు పండుగకును, చేతిపనికిని ఉన్న బంధమును తెలుపుటకు నరసాపురము లేసును మించిన దృష్టాంతము లేదు.

1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ అను ఇరువురు ఆంగ్లేయులు కుటుంబములతో ఈ దేశమునకు వచ్చి, కొంతకాలమునకు నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో మత ప్రచారము చేయుచు నిలిచిరి. ఆ పిమ్మట, 19వ శతాబ్ది మధ్యకాలమున, మిషనరీ కుటుంబముల స్త్రీలు ఇచ్చటి స్త్రీలకు కొక్కెపు సూదితో నూలుదారము అల్లుట నేర్పిరి. మొదట నేర్చినవారు బీద క్రైస్తవ కుటుంబములవారు. క్రమముగా ఇతర కులముల గృహిణులును నేర్చిరి. అరుగుమీద కూర్చుండి, వంట ముగించి, పిల్లలను నిద్రబుచ్చి అల్లిన ఆ తెల్లని పువ్వులు ఓడలెక్కి ఐరోపాకు పోయినవి. అక్కడి ఇండ్లలో బల్లలపైనను, దిండ్లపైనను పరచిరి. క్రిస్మసునాడు సీమలో దీపముల వెలుగున మెరసిన బల్లగుడ్డ మన డెల్టాలోని ఒక పల్లెటూరి చేతులలో పుట్టినదైయుండవచ్చునని అక్కడివారిలో ఎందరికి తెలియును? అది వారికి తెలియకపోయిన తప్పులేదు. మనకే తెలియకపోవుట తప్పు.

ఈ పని జరుగు తీరు మీలో కొందరెరుగుదురు. దారపు కండెలను ఏజెంటు తెచ్చియిచ్చును. ఒకరు పువ్వు అల్లుదురు. దానిని చేతిపని యందురు. వేరొక ఊరిలో మరియొకరు ఆ పువ్వులను కలిపి గుడ్డగా చేయుదురు. దానిని అతుకుపని యందురు. తరువాత ఉతుకుట, గంజి పెట్టుట, ఇస్త్రీ చేయుట, మూటగట్టుట. అల్లినామె అతికినామెను ఎరుగదు. అతికినామె వర్తకుని ఎరుగదు. వర్తకుడు కొన్నవారిని ఎరుగడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క తెలియును. వెల మాత్రము పైనున్నవానికే తెలియును.

మరియా మీస్ అను జర్మను విదుషి నరసాపురము ప్రాంతమునకు వచ్చి, ఈ స్త్రీల నడుమ తిరిగి, 1982లో ఒక ఆంగ్ల గ్రంథము ప్రకటించెను. అందామె తేల్చినది ఏమనగా, ఈ స్త్రీలు దినమునకు ఆరేడు గంటలు అల్లుచున్నను, అది పనిగా ఎవరి లెక్కలోనికిని రాలేదు. తీరిక వేళ కాలక్షేపమనిరి. పొలము పనికి పోయిన కూలి స్త్రీకి వచ్చినంత కూడ వీరికి రాలేదు. ఇంటిలో కూర్చుండి చేయుటచే వీరు పనివారు కారు, గృహిణులు మాత్రమే అను మాట వారి కూలిని తగ్గించుటకు ఉపయోగపడినది. నలువదియేండ్లు దాటినను ఆ గ్రంథములోని ప్రశ్న చావలేదు. ఇంటిలో చేసిన పని పని కాదా?

ఇక నా సొంత కథ చెప్పెదను. ఇది నాకు కొంత సిగ్గు కలిగించు కథ. కొన్ని సంవత్సరముల క్రిందట హైదరాబాదులోని మా అమ్మాయి ఇంటికి పోయి, తిరిగి వచ్చునపుడు ఒక పెద్ద అంగడిలో తెల్లని లేసు బల్లగుడ్డ చూచితిని. నాతో కలిసి పనిచేసిన క్రైస్తవ మిత్రులకు క్రిస్మసు కానుకగా ఇత్తునని, వెల ఎక్కువైనను కొంటిని. పండుగనాడు వారింటికి పోయి ఇచ్చితిని. అక్కడ నరసాపురము వైపు నుండి వచ్చిన ఒక వృద్ధురాలు కూర్చుండియుండెను. ఆమె గుడ్డను చేతిలోనికి తీసికొని, తిరుగవేసి, అతుకుమీద వ్రేలు నడిపి, ఇట్లనెను:

"ఇది మావైపు పనేనండీ మాష్టారూ. ఈ పువ్వు మేం వేసేదే. అతుకు మాత్రం మా ఊరి చెయ్యి కాదు, పక్క ఊరోళ్ళది. ఎంతకి కొన్నారండీ?"

నేను వెల చెప్పితిని. ఆమె కొంతసేపు మాటలాడలేదు. తరువాత మెల్లగా, "మీరు మా వీధిలోకొచ్చి అడిగుంటే ఇందులో సగానికే ఇచ్చేవాళ్ళమండి. అయినా మాకు ఇప్పుడొచ్చేదానికి మూడింతలు మిగిలేది," అనెను.

ఆమె మాటలో కోపము లేదు, నిందయును లేదు. లెక్క మాత్రమే ఉన్నది. నేను ముప్పదియేండ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాడను. ఈ లెక్క మాత్రము నాకు ఎన్నడును తట్టలేదు. మా ఇంటినుండి కొన్ని గంటల ప్రయాణములో పుట్టిన వస్తువును హైదరాబాదు పోయి కొని తెచ్చితిని. వెల రెట్టింపు పెట్టితిని. అల్లినామెకు మాత్రము ఆ సొమ్ము చేరలేదు.

పరదేశపు గిరాకిని నమ్ముకొన్న పనివారికి మరియొక ఆపద కలదు. 2020లో మహమ్మారి వచ్చి ఓడలు, విమానములు నిలిచినపుడు, ఎక్కడి ఆర్డరులు అక్కడ నిలిచినవి. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వము మన దేశపు సరకుపై సుంకమును 50 శాతమునకు పెంచినపుడు, ఎగుమతిపై బ్రతుకు పనివారందరి గుండెలలో రాయి పడినది. వాషింగ్టనులో ఒకరు సంతకము చేసినచో మన పల్లెలో ఒక అరుగుమీద సూది ఆగును. దూరపు గిరాకి వలదని నేననను. అది వచ్చినపుడు మంచిదే. కాని దగ్గరి గిరాకి కొంతయైనను లేని పనివాడు ఒంటికాలిమీద నిలిచినవాడు.

2024లో నరసాపురము లేసు అల్లికకు భౌగోళిక గుర్తింపు లభించినది. 1999లో చేసిన చట్టము ననుసరించి ఇచ్చు గుర్తింపు ఇది. ఆ ప్రాంతమున, ఆ విధముగా చేసినదానికే ఆ పేరు పెట్టవలెను. యంత్రముపై నేసిన అనుకరణకు పెట్టరాదు. ఇట్లే మన ఎదుటి ఒడ్డుననున్న ఆత్రేయపురము పూతరేకులకు 2023లో ఈ గుర్తింపు వచ్చినది. ఉప్పాడ జాందానీ చీరలకు అంతకు చాల ముందే వచ్చినది. ఇవి సంతోషింపదగిన విషయములు. అయితే ముద్ర పేరును కాపాడును గాని పొయ్యిమీద ఎసరు పెట్టదు. ఎసరు పెట్టునది మన కొనుగోలే.

లేసు ఒక్కటియే కాదు. క్రిస్మసునకు మన ఊళ్ళలో ఏమేమి కావలెనో లెక్కింతము. ఇంటి ముందర నక్షత్రము కావలెను. నా చిన్నతనమున వెదురు బద్దలు చీల్చి, దారముతో కట్టి, రంగు కాగితములంటించి, లోపల దీపము పెట్టి పిల్లలే చేసికొనెడివారు. రాజమహేంద్రవరమునకు వెదురు తెప్పలు గోదావరిమీద దిగివచ్చిన రోజులవి. ఇప్పుడు ప్లాస్టికు నక్షత్రము పెట్టెలో మడిచి వచ్చుచున్నది. ఒక సంవత్సరము వెలిగి, రెండవ సంవత్సరము చెత్తకుప్ప చేరుచున్నది. మన మేదరులు తట్టలకు, చేటలకు గిరాకి తగ్గి చేతులు ముడుచుకొని యున్నారు. వారికి నవంబరు నెలలోనే నక్షత్రములు చెప్పినచో చేయలేరా?

పశువుల పాక బొమ్మకొలువు పెట్టుదురు. అందుకు తాటాకు, వరిగడ్డి, మట్టిబొమ్మలు కావలెను. ఇవన్నియు ఊరిలోనివే. కుమ్మరివాడు సంక్రాంతికి కొత్త కుండ చేయును. అంతకు మూడు వారముల ముందు నాలుగు గొఱ్ఱెపిల్లలను, ఒక తొట్టిని చేయుట అతనికి కష్టము కాదు. చెట్టు కావలెనందురు. కడియము, కడియపులంక నర్సరీలు దేశమంతటికిని మొక్కలు పంపుచున్నవి. నది దాటినచో చేరువనే యున్నవి. పెట్టెలో వచ్చు ప్లాస్టికు చెట్టుకు బదులు కుండీలో పెరుగు మొక్కను కొన్నచో, పండుగ ముగిసిన తరువాత అది పెరటిలో బ్రతికియుండును.

పిండివంటలు కావలెను. మన క్రైస్తవ సోదరులు కేకుతో పాటు అరిసెలు, జంతికలు కూడ చేయుదురు, ఇరుగుపొరుగువారందరికిని పంచుదురు. పూతరేకు సంగతి చూడుడు. బోర్లించిన కుండ క్రింద మంట పెట్టి, పలుచని బియ్యపు జావలో ముంచిన గుడ్డను దానిపై ఒక్క క్షణము పరచి లాగినచో కాగితము కంటె పలుచని రేకు లేచును. ఆ వేడి ఎదుట గంటల తరబడి కూర్చుండు స్త్రీ చేతి నేర్పు దానిలో ఉన్నది. అరచేతి కొలతతోనే జావ చిక్కదనము ఆమె ఎరుగును. ఈ నేర్పునకు ఎక్కడనో ముద్రించిన పెట్టెలోని మిఠాయి సాటి యగునా?

కొత్త బట్టలు కావలెను. ఇది పనివారికి మిక్కిలి ముఖ్యమైన సంగతి. పండుగనాటి ప్రార్థనకు తెల్లచీర కట్టు ఆచారము మనవైపు కలదు. బండారులంకలోను, పులుగుర్తలోను నేతగాండ్రున్నారు. 1905 ఆగస్టు 7వ తేదీన కలకత్తాలో స్వదేశీ ఉద్యమము ప్రకటించినందుకు గుర్తుగా, 2015 నుండి ఆ దినమును జాతీయ చేనేత దినముగా జరుపుచున్నాము. ఆ దినమున సభలు చేసి, డిసెంబరులో మరమగ్గపు చీర కొనుట న్యాయము కాదు. ఇక మన వీధి దర్జీ. క్రిస్మసుకును, సంక్రాంతికిని అతడు రాత్రులు కూర్చుండి కుట్టెడివాడు. ఆ రెండు నెలల రాబడియే ఆయేటి పిల్లల చదువు ఖర్చు. కుట్టిన దుస్తులు వచ్చిన పిమ్మట అతని యంత్రము చినిగిన జేబులు, ఊడిన గుండీలు బాగుచేయుటకే పరిమితమైనది.

తుదకు చిన్న కొట్టును గూర్చి. దీనిని గూర్చి నేను చెప్పవలసినది మీకు కొంచెము కటువుగా తోచవచ్చును. క్షమింపుడు, నన్నును కలుపుకొనియే చెప్పుచున్నాను.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మీలో పెద్దలకు జ్ఞాపకముండును. త్రోవలు తెగినవి, లంకలు మునిగినవి. అప్పుడు మేము కాపురమున్న వీధి మొగలో ఒక చిన్న కిరాణా కొట్టు ఉండెను. ఆ కొట్టు యజమాని తనకున్న బియ్యము, కిరసనాయిలు, అగ్గిపెట్టెలు వీధివారందరికిని కొలిచి ఇచ్చి, పద్దు పుస్తకములో వ్రాసికొనెను. ధర పెంచలేదు. ఎప్పుడిత్తురని అడుగలేదు. అట్లే ఏటేటా నాట్లకాలమున, చేతిలో డబ్బు లేని నెలలలో, సగము వీధి ఆ పద్దు మీదనే భోజనము చేసినది. 2020 మార్చిలో దేశమంతయు తలుపులు మూసికొన్నపుడు కూడ, మనకు తెరచియున్న తలుపు అట్టి చిన్నకొట్టుదే.

మరి పంట డబ్బు వచ్చిన నాడు మనమేమి చేయుచున్నాము? రొక్కము చేతిలో పడగానే పెద్ద పట్టణమునకు పోవుచున్నాము. లేదా చేతిఫోనులో నొక్కి తెప్పించుకొనుచున్నాము. అక్కడ అప్పు ఇయ్యరు గనుక రొక్కము అక్కడ పోయుచున్నాము. ఇక్కడ అప్పు ఇత్తురు గనుక అప్పు ఇక్కడ పెట్టుచున్నాము. కష్టకాలమునకు ఊరి కొట్టు, సుఖకాలమునకు పట్టణపు అంగడి! నేను చెప్పిన ఆ కొట్టు ఇప్పుడు లేదు. దానిని ఏ శత్రువును మూయలేదు. నావంటివారే, నెలజీతము రాగానే పట్టణమునకు సంచి పట్టుకొని పోయినవారే, కొంచెము కొంచెముగా మూసిరి. ఆ కొట్టు తలుపు మూతపడిన నాడు నేను విచారించితిని గాని, ఆ నెల నేను అక్కడ కొన్న సరకు ఒక అగ్గిపెట్టె మాత్రమే.

దీనికి మీరు చెప్పు సమాధానము నాకు తెలియును. "మాష్టారూ, మేమూ బీదవారమే, అక్కడ చవుక" అందురు. నిజమే. బీదవానిని ఎక్కువ వెల పెట్టి కొనుమని చెప్పుటకు నాకు అధికారము లేదు. అయినను చవుకను పూర్తిగా లెక్కింపవలెను. పోవుటకు రావుటకు బస్సు ఖర్చు, రెండు వర్షములకే రంగు వెలిసిన గుడ్డ, తిరిగి కొన్న నక్షత్రము, బాగుచేయుటకు మనిషి లేని వస్తువు – ఇవి కూడ వెలలో చేరవలెను. అన్నియు లెక్కించిన పిమ్మటను అక్కడ చవుకయైనచో, అక్కడనే కొనుడు. కొన్నదానిలో నాలుగవ వంతు ఊరిలో కొనుడు. ఆ నాలుగవ వంతే ఆనకట్ట.

రెండవ సమాధానము, "ఊరివారి పనిలో లోపములున్నవి" అని. ఇదియు నిజమే. పండుగనాటి ఉదయము వరకు చొక్కా ఇయ్యని దర్జీ ఉన్నాడు. పాత సరకు అంటగట్టు కొట్టువాడును ఉన్నాడు. ఈ సభలో పనివారును ఉన్నారు గనుక వారికి కూడ ఒక మాట. ఊరివాడనని జాలితో కొనుమని అడుగవద్దు. చెప్పిన దినమునకు ఇండు. తూకము సరిగా ఇండు. వస్తువుమీద వెల వ్రాసిపెట్టుడు. జాలిమీద నిలిచిన వ్యాపారము ఒక పండుగ నడచును. నమ్మకముమీద నిలిచినది తరములు నడచును. కొనువారికిని ఒక మాట. డిసెంబరు ఇరువదవ తేదీన గుడ్డ తీసికొనిపోయి ఇరువదినాలుగవ తేదీకి కావలెనన్నచో, ఆలస్యమునకు దర్జీ ఒక్కడే కారకుడు కాడు. పెద్ద అంగడిలో చీటీమీద వ్రాసిన వెలకు మారుమాటాడక ఇచ్చి, తట్ట అల్లిన ముసలివానితో పది రూపాయలకు అరగంట బేరమాడుట మనకు గౌరవము కాదు.

క్రిస్మసు క్రైస్తవుల పండుగ గదా, మాకేమి యని కొందరనుకొనవచ్చును. ఈ పండుగకు నక్షత్రము కట్టు మేదరి, చీర నేయు సాలె, బొమ్మ చేయు కుమ్మరి, పూతరేకు చుట్టు అమ్మ – వీరిలో ఎందరు ఏ మతమువారో ఎవరు లెక్కించిరి? ఆ పండుగ సొమ్ము వారి ఇంటికి పోయి సంక్రాంతి బియ్యమగును. సంక్రాంతి సొమ్ము మరల క్రైస్తవ దర్జీ ఇంటికి, లేసు అల్లు ఇంటికి పోవును. ఊరిలో సొమ్ము తిరుగునపుడు అది ఎవరి గుడికి పోవుదువని అడుగదు. ఏసుక్రీస్తు ఒక వడ్రంగి ఇంట పెరిగెనని వారి గ్రంథము చెప్పుచున్నది. చేతిపనివాని ఇంట పెరిగినవాని పండుగకు చేతిపనివాని ఇంట పొయ్యి వెలుగుట ఉచితము గదా!

మాటలు చాలును, చేయదగినవి నాలుగు చెప్పి ముగించెదను. ఇవి ఈ గ్రంథాలయము చేయగలిగిన పనులే.

ఒకటి: ఇక్కడ ఒక పుస్తకము ఉంచుడు. మన ఊరిలోను, చుట్టుప్రక్కలను ఏ పనివారు ఎక్కడ ఉన్నారో, ఏమి చేయుదురో, ఎన్ని దినములు పట్టునో, ఎంత వెలయో వారి అనుమతితో వ్రాసి, పత్రికల బల్లమీదనే పెట్టుడు. తెలియకపోవుటయే సగము రోగము. ఆ వృద్ధురాలి వీధి నాకు తెలిసియున్నచో నేను హైదరాబాదులో కొనియుండను.

రెండు: కార్తీక మాసములోనే క్రిస్మసు, సంక్రాంతి పనులు చెప్పి, సగము సొమ్ము ముందుగా ఇండు. పనివానికి వడ్డీకి అప్పు తెచ్చు అవసరము తప్పును. మనకు సమయమునకు వస్తువు వచ్చును.

మూడు: డిసెంబరు నడుమ మూడు దినములు ఈ హాలును పండుగ సంతకు అద్దె లేకుండ ఇండు. లేసు అల్లువారు, నేతగాండ్రు, మేదరులు, కుమ్మరులు, పిండివంటలవారు తమ వస్తువులు తామే తెచ్చి అమ్ముకొందురు. అల్లిన చేయియు, కొన్న చేయియు ఒకరినొకరు చూచుకొందురు. పరదేశములలోను, దూరనగరములలోను ఉన్న మన పిల్లలు పండుగకు వచ్చినపుడు, అక్కడి మిత్రులకు ఇచ్చు కానుకలు ఇక్కడినుండియే కొనిపోవచ్చును. అప్పుడు ఆ తెల్లని పువ్వు సముద్రము దాటినను, వెల మాత్రము ఇక్కడనే నిలుచును.

నాలుగు: పండుగ సరకు ఎక్కడ కొన్నను, కొనుటకు ముందు వీధి కొట్టు పద్దు తీర్చుడు. కొత్త బట్ట కట్టి పాత బాకీ ముందునుండి తలవంచుకొని నడచుట పండుగ కాదు.

విజ్జేశ్వరపు తలుపులు ఎత్తినపుడు కాలువలోనికి వచ్చు నీరు మొదట కొంచెముగానే కనబడును. అది చివరి పొలము వరకు పోవుటకు దినములు పట్టును. అయినను చివరి పొలముననున్న రైతు గట్టుమీద నిలిచి ఎదురుచూచుచుండును. మన చేతివృత్తులవారు నేడు ఆ చివరి పొలమువారు. తలుపు ఎత్తు చక్రము మన చేతిలోనే ఉన్నది. ఈ రజతోత్సవ సంవత్సరమున దానిని ఒక్క త్రిప్పు త్రిప్పుదము. ఇరువదియైదేండ్లకు స్వర్ణోత్సవము జరుగునాటికి, ఈ హాలులో పండుగ సంత ఇరువదియైదవ సారి జరుగుచుండవలెనని నా కోరిక. అప్పటికి నేనుండను, ఈనాడు ముందు వరుసలో కూర్చున్న ఈ పిల్లలుందురు. వారు ఆ సంతలో ఒక లేసు బల్లగుడ్డ కొని, తిరుగవేసి, అతుకు చూచి, ఇది ఏ ఊరి చేయియో చెప్పగలిగినచో నా ప్రసంగము ఫలించినట్లే.

 క్రైస్తవ సోదరీసోదరులకు క్రిస్మసు శుభాకాంక్షలు. అందరికిని రానున్న సంక్రాంతి శుభాకాంక్షలు. సెలవు.